ట్యాంకు మీద చెరిగిన రంగు

మైసూరులో ఐడియల్ జావా మోటార్‌సైకిళ్ల ఫ్యాక్టరీ మూతపడిందన్న కబురు 1996లో మా మామయ్య చెవిన పడింది. ఆ మర్నాడే మా హైదరాబాదులోని పుత్లీబౌలి వెళ్లి, చేతిలో ఉన్న డబ్బంతా స్పేర్‌పార్టుల మీద పెట్టి, గోనెసంచీ భుజాన వేసుకుని ఇంటికి వచ్చాడు. రెండు కొలతల్లో ఓవర్‌సైజు పిస్టన్లు, రింగుల సెట్లు, కనెక్టింగ్ రాడ్ కిట్టు, క్లచ్ ప్లేట్లు, ఆయిల్ సీళ్లు, కాంటాక్ట్ పాయింట్లు, కండెన్సర్లు. మైనపు కాగితంలో చుట్టి ఉన్న ఒక్కోదాన్నీ విప్పి, వెలుతురులో తిప్పి చూసి, మళ్లీ చుట్టి పక్కన పెడుతుంటే అత్తయ్య గుమ్మంలో నిలబడి చూసింది.

"నెల సరుకులకని వెళ్లి ఇవా తెచ్చింది?"

"బియ్యం రేపైనా దొరుకుతాయి. ఇవి ఇక తయారు కావు" అన్నాడు మామయ్య.

ఆ మాటలో దిగులుంది. మైసూరు యాదవగిరిలో ఆ ఫ్యాక్టరీ 1961లో మొదలైంది. చెకోస్లొవేకియాలోని జావా కంపెనీ సహకారంతో రుస్తుం ఇరానీ, ఫరోఖ్ ఇరానీ పెట్టిన సంస్థ అది. మొదట జావా పేరుతో, 1970ల నుంచి యెజ్డీ పేరుతో బండ్లు తయారుచేసింది. మామయ్య తరంలో మోటార్‌సైకిల్ కొనాలనుకున్న జీతగాళ్ల ముందు ఉన్నవి కొద్దిపాటి పేర్లే: బుల్లెట్, రాజ్‌దూత్, జావా. మామయ్యకు మాత్రం ఉన్నది ఒక్క జావానే.

ఆ బండి 1968 నాటి జావా 250. కవాడిగూడలోని ప్రాగా టూల్స్‌లో ఫిట్టరుగా ఉద్యోగం ఖాయమైన కొత్తలో, దాచుకున్న డబ్బుకు అమ్మమ్మ ఇచ్చింది కలిపి సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడట. నాకు ఊహ తెలిసేసరికి అది మా రెండిళ్లకూ ఉమ్మడి బండి. మేముండేది గాంధీనగర్‌లో అదే సందులో, రెండిళ్ల అవతల. ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఎవరు రైలెక్కాలన్నా, ఏ పెళ్లికి వెళ్లాలన్నా జావాయే. వెనుక సీటు మీద అత్తయ్య, ఆమె ఒళ్లో చిన్నవాడు, ముందు ట్యాంకు మీద నేను. మామయ్య చేతులు రెండు వైపులా హ్యాండిల్ పట్టుకుని ఉండేవి కాబట్టి నాకు భయమనేదే తెలియదు. ట్యాంకు మూత పక్కనే నా అరచేతులు ఆనించుకునేదాన్ని. వేసవిలో ట్యాంకు కాలకుండా మామయ్య తువ్వాలు మడిచి వేసేవాడు. నా తర్వాత తమ్ముడు, వాడి తర్వాత మామయ్య పిల్లలు అక్కడే కూర్చున్నారు. ఇంతమంది పిల్లలు జరిగి జరిగి కూర్చున్నచోట ముదురు ఎరుపు రంగు పలచబడి, బంగారు గీత చెరిగి, కొంతమేర లోపలి ప్రైమర్ కనిపించేది.

అటువంటి బండి ఇంజనులో కటకటమని శబ్దం మొదలవడంతో మెట్ల కిందికి చేరి, దుప్పటి కప్పుకుని కొన్నేళ్లుగా అలాగే ఉండిపోయింది. ఫ్యాక్టరీ మూతపడకపోతే ఇంకెన్నాళ్లు ఉండేదో. నేను ఎంసెట్ రాసి ఫలితాల కోసం ఎదురుచూస్తున్న వేసవి అది. "ఖాళీగానే ఉన్నావుగా అమ్మడూ, పానా అందిద్దువు రా" అని పిలిచాడు మామయ్య. అలా చేరాను నేను ఆ పనిలో.

వరండాలో షాహబాదు బండల మీద పాత చాప పరిచి బండిని విప్పడం మొదలుపెట్టాం. మామయ్య విప్పే తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంటుంది. ఏ నట్టునైనా విప్పే ముందు దాని చుట్టూ ఉన్న మట్టినీ గ్రీజునూ కిరసనాయిలు బ్రష్‌తో కడిగేవాడు. పానా సరిగా కూర్చుందో లేదో వేలితో తడిమి చూసి అప్పుడు బలం పెట్టేవాడు. ఊడిన నట్టును వెంటనే దాని బోల్టుకే రెండు చుట్లు తిప్పి నా చేతికిచ్చేవాడు. అవన్నీ హార్లిక్స్ సీసాల్లో వేసి, ఏది ఎక్కడిదో చీటీ రాసి అంటించడం నా వంతు. తన కార్ఖానాలో యంత్రం విప్పినా ఇదే పద్ధతి అనేవాడు. ఇంటి దగ్గర చేసే పని కదా అని ఒక్క మెట్టు కూడా తగ్గించలేదు.

జావా ఇంజను చూడడానికి నున్నగా, కోలగా ఉంటుంది. కార్బురేటర్ కూడా బయటికి కనిపించకుండా మూత ఉంటుంది. కిక్ రాడ్డూ గేరు రాడ్డూ ఒకటే: లోపలికి నొక్కి వెనక్కి తిప్పితే కిక్, బండి స్టార్టయ్యాక ముందుకు తెస్తే గేరు. గేరు మార్చేటప్పుడు కాలి ఒత్తిడికే క్లచ్ వదులుతుంది కాబట్టి, చేతి క్లచ్ కేబుల్ తెగిపోయినా ఎలాగోలా ఇల్లు చేరవచ్చు. సిలిండర్ ఒకటే అయినా సైలెన్సర్లు రెండు. మూత తీసి ఇవన్నీ లోపల ఎలా పనిచేస్తాయో మామయ్య ఒక్కొక్కటిగా చూపిస్తుంటే, చిన్నప్పటి నుంచీ ఎక్కి తిరిగిన బండిని మొదటిసారి చూస్తున్నట్టు అనిపించింది. భౌతికశాస్త్రం పుస్తకంలో బట్టీ పట్టిన టూ స్ట్రోక్ ఇంజను బొమ్మకు ప్రాణం వచ్చింది అక్కడే.

పని మొదలైన రోజే మామయ్య ఒక నియమం పెట్టాడు. నడిచే భాగమేదైనా కొత్తదానితో సమానంగా ఉండాలి. కనిపించే భాగం మాత్రం పాడైతే తప్ప ముట్టుకోకూడదు. ఆ వేసవి అంతా మా వాదనలన్నీ ఈ నియమం చుట్టూనే తిరిగాయి.

నడిచే భాగాల్లో పెద్ద పని క్రాంకుది, అంటే పిస్టన్ పైకీ కిందికీ ఆడే కదలికను తిప్పుడుగా మార్చే ఇరుసుది. కటకట శబ్దం అక్కడిదే. జావా క్రాంకు రెండు చక్రాలను నడుమ ఒక పిన్నుతో బిగించినది. అందులో రాడ్డూ బేరింగూ మార్చాలంటే ప్రెస్సు మీద పెట్టి విడదీయాలి, కొత్తవి వేసి మళ్లీ నొక్కాలి. ఇంట్లో అయ్యే పని కాదు. రాణీగంజ్‌లో ఒక సందులో లేత్ మిషను పెట్టుకున్న పెద్దాయన దగ్గరికి వెళ్లాం. అందరూ ఆయన్ను చాచా అనేవారు. క్రాంకును ఆయన చేతిలో పెడితే, రాడ్డు పట్టుకుని పైకీ కిందికీ ఒకసారి ఆడించి, "ఇంతకాలం మోసిందంటే మంచి ఇనుమే ఫిట్టర్ సాబ్" అన్నారు.

నొక్కడం త్వరగానే అయింది. అసలు పని ఆ తర్వాతే. క్రాంకును లేత్ మీద రెండు సెంటర్ల మధ్య నిలిపి, సన్నని తేడాను కూడా ముల్లుతో చూపే డయల్ గేజ్ ఆనించి, చేత్తో నెమ్మదిగా తిప్పారు. ముల్లు అటూ ఇటూ ఊగింది. ఎక్కువగా ఊగినచోట సుద్దముక్కతో గుర్తు పెట్టి, క్రాంకును దించి, ఆ గుర్తు మీద రాగి సుత్తితో ఒక్క దెబ్బ వేశారు. మళ్లీ సెంటర్ల మధ్య నిలిపి తిప్పారు. ఊపు కొంచెం తగ్గింది. మళ్లీ సుద్ద, మళ్లీ సుత్తి. మామయ్య పక్కన కూర్చుని ముల్లు మీద నుంచి చూపు తిప్పలేదు. ఒక దశలో చాచా "ఇది చాలు, రోడ్డు మీద తేడా తెలియదు" అన్నారు. మామయ్య చిరునవ్వుతో తల అడ్డంగా ఊపాడు. చాచాకు కోపం రాలేదు, పైగా ముచ్చటపడ్డట్టు కనిపించారు. మధ్యలో ఇరానీ చాయ్ తెప్పించి, తాగి, మళ్లీ మొదలుపెట్టారు. చివరికి ముల్లు 0.02 మిల్లీమీటరు దగ్గర ఆగినప్పుడు నన్ను దగ్గరికి పిలిచి, "బేటీ, నువ్వు తిప్పి చూడు" అన్నారు. బరువైన ఆ క్రాంకు రెండు సూదిమొనల మధ్య నా వేలి కొస తగిలితేనే తిరిగింది. ఇంజినీరింగ్‌లో మెకానికల్ తీసుకోవాలని నేను నిర్ణయించుకున్నది ఆ లేత్ దగ్గరే.

సిలిండర్ బోరు కొట్టించడం, అంటే అరిగిన లోపలి గోడను కాస్త పెద్దదిగా తొలిపించడం, అక్కడికి దగ్గరలోనే అయిపోయింది. 65 మిల్లీమీటర్ల బోరుకు మొదటి ఓవర్‌సైజు పిస్టనే సరిపోయింది. పిస్టన్ మీద రింగులు ఎక్కించే పని మామయ్య నాకే ఇచ్చాడు. టూ స్ట్రోక్ పిస్టన్‌లో రింగు కూర్చునే గాడిలో చిన్న పిన్ను ఉంటుంది. రింగు రెండు కొసలూ ఆ పిన్నుకు అటూ ఇటూ రావాలి, లేకపోతే రింగు తిరిగిపోయి కొస సిలిండర్ గోడలోని రంధ్రానికి, అంటే పోర్టుకు, తట్టుకుని విరుగుతుంది. చూపుడువేలూ బొటనవేలూ కలిపి రింగు కొసలను దగ్గరికి నొక్కి పట్టుకుంటే, మామయ్య పైనుంచి సిలిండర్‌ను కొంచెం కొంచెంగా దించాడు. రింగు నా వేళ్ల నుంచి జారి సిలిండర్‌లోకి వెళ్లిన ఆ మెత్తని తాకిడి నా వేళ్లకు బాగా గుర్తు.

ఇంజను అతుకుల మధ్య కారకుండా పెట్టే గాస్కెట్లు మామయ్య కొనేవాడు కాదు. గాస్కెట్ షీటును కేసింగ్ అంచు మీద పరిచి, గుండ్రటి తల ఉన్న చిన్న సుత్తితో అంచు వెంబడి తట్టుకుంటూ పోయేవాడు. తట్టినచోటల్లా షీటు తెగి, కేసింగ్ ఆకారం అచ్చంగా దిగేది. బోల్టు రంధ్రాలకు ఇనుప గోలీ పెట్టి ఒక్క దెబ్బ వేసేవాడు. మధ్యాహ్నం అందరూ నిద్రపోయే వేళ టకటకమని ఆ చప్పుడు సందంతా వినిపించేది. పక్కింటివాళ్లు ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. వాళ్ల పిల్లలు కూడా ఆ ట్యాంకు మీద కూర్చున్నవాళ్లే.

సైలెన్సర్లలో ఏళ్ల తరబడి పేరుకున్న బొగ్గును కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి వదిలించాం. ట్యాంకు లోపలి తుప్పుకు ఉపాయం చెప్పింది అమ్మమ్మ. ఇత్తడి బిందెల చిలుమును చింతపండు వదిలించగా లేనిది ఇనుముకు ఎందుకు పనికిరాదని అడిగింది. మామయ్య కొంచెంసేపు ఆలోచించి, "పులుపు పులుపే కదా" అని ఒప్పుకున్నాడు. పాత చింతపండు పిసికి, వడకట్టి, ఆ పులుసును ట్యాంకు నిండా పోసి రాత్రంతా ఉంచాం. పొద్దున్నే పారబోస్తే కాఫీ రంగులో తుప్పు కొట్టుకొచ్చింది. తర్వాత గులకరాళ్లు వేసి, ఇద్దరం చెరోవైపు పట్టుకుని ఊపాం. మళ్లీ చింతపండు, చివర చాకలిసోడా నీళ్లు, ఎండలో ఆరబెట్టడం, ఆరీ ఆరగానే ఆయిలు కలిపిన పెట్రోలుతో ఒకసారి తొలవడం. టార్చిలైటు వేసి చూస్తే లోపల రేకు బూడిదరంగులో శుభ్రంగా కనిపించింది.

లోపల ఇంత శ్రద్ధగా బాగుచేసి, బయట మాత్రం అలాగే వదిలేస్తానన్నాడు మామయ్య. అక్కడ వచ్చింది గొడవ. ఇన్ని డబ్బులు పెట్టి ఆ వెలిసిపోయిన ట్యాంకుతో రోడ్డెక్కితే నలుగురూ ఏమనుకుంటారని అత్తయ్య పట్టుబట్టింది. రంగు వేసే అతను ఇంటికొచ్చి చూసి, ట్యాంకును గీకి పుట్టీ పెట్టి కొట్టేస్తే షోరూమ్ బండిలా చేస్తానన్నాడు. అమ్మ కూడా అత్తయ్య వైపే. మామయ్య ట్యాంకు మీద చెరిగిన చోటు చేత్తో చూపిస్తూ, "ఇది పాడవడం కాదు, పిల్లలు కూర్చున్న చోటు. దీన్ని గీకించను" అన్నాడు. అప్పటిదాకా గట్టిగా మాట్లాడిన అత్తయ్య ఆ మాట విని ఇంక ఏమీ అనలేదు. తన పిల్లలిద్దరూ అక్కడ కూర్చున్నవాళ్లే కదా.

మడ్‌గార్డుల సంగతి వేరు. వెనుక మడ్‌గార్డు అంచున రేకు తుప్పు తిని చిల్లులు పడింది. దాన్ని వెల్డింగ్ చేయించి, రెండింటికీ రంగు వేయించక తప్పలేదు. ఎంత కలిపి చూసినా పాత ట్యాంకు ఎరుపుకు కొత్త ఎరుపు కుదరలేదు. ఇప్పటికీ ఎండలో నిలబెడితే ఆ తేడా తెలుస్తుంది. బంగారు గీతలు వేయడానికి మాత్రం చిక్కడపల్లిలో సైన్‌బోర్డులు రాసే ఒకాయన వచ్చారు. పొడవాటి వెంట్రుకల సన్నని కుంచెను రంగులో ముంచి, అరచేతి మీద రుద్ది మొన తీసి, చిటికెనవేలిని మడ్‌గార్డు అంచుకు ఆనించి, ఊపిరి బిగబట్టి ఒక్క లాగులో అవతలి కొసకు తీసుకెళ్లారు. స్కేలు లేదు, టేపు లేదు. పక్కనే రెండో గీత. రెండింటి నడుమ ఎడం మొదటి నుంచి చివరిదాకా ఒక్కలాగే ఉంది. అలా గీత గీసే చెయ్యి నగరంలో ఇప్పుడు ఎక్కడుందో చెప్పలేను. స్టిక్కర్లు వచ్చాక ఆ విద్యకు కూలి గిట్టుబాటు కాలేదు. ఆ బండి మీద నాకు అత్యంత ఇష్టమైన కొత్త పని ఏదంటే ఆ గీతలే అంటాను.

చిన్న చిన్న వస్తువుల కోసం చాలాచోట్ల తిరిగాం. హెడ్‌లైటు రిమ్ము జుమ్మేరాత్ బజార్‌లో పాత ఇనుప సామాను గుట్టలో కనిపించింది. మామయ్య దాన్ని చూసి కూడా చూడనట్టు ముందు వేరేవేవో బేరం చేసి, చివర్లో దీన్ని కూడా వేసెయ్యమన్నాడు.

అన్నీ బిగించాక టైమింగు, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ సరైన వేళకు పడేలా చూడడం. ఆ రవ్వను పుట్టించేది కాంటాక్ట్ పాయింట్లు విడిపోవడమే. పాయింట్ల మధ్య ఎడం 0.4 మిల్లీమీటర్లు ఉండాలి, పిస్టన్ పైకొచ్చే సరైన క్షణంలో అవి విడిపోవాలి. ఆ క్షణాన్ని కంటితో పట్టుకోవడం కష్టం. టీకొట్టు దగ్గర నుంచి సిగరెట్ పెట్టెలోని పలచటి కాగితం తెచ్చి, సన్నని ముక్క కత్తిరించి పాయింట్ల మధ్య పెట్టి నన్ను లాగి పట్టుకోమన్నాడు. తను వెర్నియర్‌తో పిస్టన్ ఎత్తు కొలుస్తూ ఇంజనును తిప్పుతున్నాడు. కాగితం బిగుసుకుని ఉంది, ఉంది, ఉన్నట్టుండి వదులై నా చేతిలోకి వచ్చేసింది. "వదిలింది మామయ్యా" అని అరిచాను. "అదీ" అన్నాడు. ఇప్పుడు మల్టీమీటర్లున్నాయి, నా దగ్గరా ఉంది. అయినా నేను కాగితంతోనే చూస్తాను, ఎందుకంటే పాయింటు విడిపోవడం వేలికి తెలుస్తుంది.

లీటరు పెట్రోలుకు 40 మిల్లీలీటర్ల ఆయిలు కలిపి పోశాడు. కిక్ కొడితే మొదట ఏమీ లేదు. ప్లగ్గు విప్పి, తుడిచి, మళ్లీ కొట్టాడు. ఒక్క దగ్గు దగ్గింది. ఆ తర్వాతి కిక్‌కు సందంతా నీలిపొగతో నిండిపోయి, రెండు సైలెన్సర్లూ కలిసి ఫట్‌ఫట్‌మని అందుకున్నాయి. ఎవరూ పిలవకుండానే అందరూ గుమ్మాల్లోకి వచ్చారు. అమ్మమ్మ కొబ్బరికాయ పట్టుకొచ్చింది. మామయ్య మాత్రం సైలెన్సర్ దగ్గర వంగి, చెవి పెట్టి వింటూనే ఉన్నాడు. కటకట లేదు. లేచి నావైపు చూసి తల ఊపాడు.

కొత్త పిస్టన్ కాబట్టి మొదట్లో గంటకు 40 కిలోమీటర్లు దాటనివ్వలేదు. తెల్లవారుజామున ట్యాంక్‌బండ్ మీద, తర్వాత ఒక ఆదివారం గండిపేట దాకా. పులిహోర డబ్బాతో నేను వెనుక సీట్లో. అప్పట్లో ఆ దారిలో చింతచెట్ల నీడ ఎక్కువ, వాహనాలు తక్కువ. దారి పొడుగునా మామయ్య వేగం పెంచలేదు, మాట్లాడలేదు, ఇంజను వింటూ నడిపాడు. చెరువు గట్టున బండి ఆపి, సిలిండర్ చల్లారేదాకా కూర్చుని పులిహోర తిన్నాం. నాకు బండి నడపడం నేర్పింది కూడా ఆ దారిలోనే. అమ్మాయికి మోటార్‌సైకిల్ ఎందుకని అడిగినవాళ్లకు, "బండిని విప్పి బిగించిన మనిషి నడపకూడదా?" అని ఎదురు ప్రశ్న వేశాడు.

ఇప్పుడా బండి నా దగ్గర ఉంది. జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీ బండ్ల రోజు. హైదరాబాదులో ఉన్నవాళ్లందరం బండ్లతో కలుస్తాం. అద్దాల్లా మెరిసే బండ్లు వస్తాయి, వాటి వెనుక ఉన్న శ్రమకు నేను దణ్ణం పెడతాను. నా ట్యాంకు చూసి, రంగు వేయిస్తే బహుమతి ఖాయమని ప్రేమతోనే చెబుతారు. నేను ఒప్పుకోను. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన రోజున ఆ బండి ఎలా ఉందో మా ఇంట్లో ఎవరూ చూడలేదు. మాకు తెలిసిన బండి ఈ చెరిగిన రంగుదే. దాన్ని గీకేసి 1968కి తీసుకెళితే, మేమంతా దాని మీద గడిపిన కాలాన్ని తీసేసినట్టే. 2018లో జావా పేరుతో కొత్త బండ్లు మళ్లీ వచ్చాయి, ఫోర్ స్ట్రోక్, 293 సీసీ. కొత్త బండి కావలసినవాళ్లకు అవి ఉన్నాయి. పాతదాన్ని పాతదిగా ఉండనివ్వడంలో తప్పులేదు.

50 ఏళ్లు దాటిన వాహనాలకు 2021 నుంచి కేంద్ర నిబంధనల ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చు. నంబరులో వీఏ అన్న అక్షరాలు వస్తాయి, కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. చాలామంది మిత్రులు ఆ దారి పట్టారు. కానీ ఆ రిజిస్ట్రేషన్ ఉన్న బండిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలుకు, మరమ్మతులకు తప్ప రోజువారీగా నడపకూడదు. నాకు అది సరిపడదు. కూరగాయలకు వెళ్లాలన్నా, మామయ్యను చూడడానికి వెళ్లాలన్నా నేను ఆ బండి మీదే వెళతాను. అందుకే మామూలు రిజిస్ట్రేషనే ఎప్పటికప్పుడు పునరుద్ధరించుకుంటూ వస్తున్నాను.

మామయ్యకు ఇప్పుడు కిక్ కొట్టే ఓపిక లేదు. చెవి మాత్రం అప్పటిలాగే ఉంది. మొన్న వాళ్లింటి ముందు ఆపితే, కుర్చీలోంచి లేవకుండానే, "పొగ తెల్లగా వస్తోందే, క్లచ్ వైపు సీలు గట్టిపడి ఉంటుంది. గేరు ఆయిలు క్రాంక్‌కేసులోకి లాగేస్తోంది" అన్నాడు. విప్పి చూస్తే అంతే. సీలు కొలత రాసుకున్నాను, శనివారం రాణీగంజ్ వెళ్లి తేవాలి. గాస్కెట్ షీటు కూడా అర మిల్లీమీటరు మందానిది తెమ్మన్నాడు. షాపులో కోసి అమ్మేది తెస్తే ఒప్పుకోనని, సుత్తి తన దగ్గరే ఉందని, ఆదివారం పొద్దున్నే బండి తీసుకురమ్మని మరీ మరీ చెప్పాడు.